జబ్బులేని దారి

యశోధర తయారుచేసిన పరికరం ఆ ప్రయోగశాలలో ఉన్న అన్నిటికంటే వేగంగా గడ్డను లాగేసేది. అయినా దైవసహాయం గారు సంతకం పెట్టడం లేదు. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఒక ఆసుపత్రి పైఅంతస్తులో ఉంది ఆ ప్రయోగశాల. పక్షవాతం వచ్చినవాళ్ల మెదడు నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను బయటికి తీసే పరికరాల మీద అక్కడ పని చేస్తారు. తొడ దగ్గర నాళంలోకి సన్నని గొట్టం ఎక్కించి, మెల్లగా మెడ మీదుగా మెదడు దాకా తీసుకెళ్తారు. వెంట్రుకల్లాంటి తీగలతో అల్లిన చిన్న బుట్ట ఒకటి గొట్టం చివర నుంచి బయటికొచ్చి విచ్చుకుంటుంది. గడ్డ అందులో చిక్కుకుంటుంది. బుట్టను వెనక్కి లాగితే గడ్డా వచ్చేస్తుంది, నెత్తురు మళ్లీ పారుతుంది. మూతి పక్కకు పోయి, చెయ్యి చచ్చుబడి వచ్చిన మనిషి అదే బల్ల మీద ఆ చెయ్యి ఎత్తడం యశోధర కళ్లారా చూసింది.

అనకాపల్లి దగ్గర పల్లెలో ఉండే ఆమె మేనమామకు ఆ అదృష్టం పట్టలేదు. చెరకు తోటలో పడిపోయిన మనిషిని ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. తరవాత ఆయన మంచం దిగలేదు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, కార్ల కంపెనీలో కుదురుకున్న ఉద్యోగం వదిలేసి యశోధర ఇక్కడికి వచ్చింది అందుకే. నాళం పూడుకుపోయాక గడిచే ప్రతి నిమిషం మెదడును తినేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె బుట్ట అల్లికంతా ఆ తొందరలోంచి పుట్టిందే. ఒక్క ఊపులో గడ్డను పట్టేది, ఒక్క ఊపులో వచ్చేసేది.

ఇక దైవసహాయం గారి సంగతి. మెదడు నాళాల వైద్యంలో ఆయన చేతికింద తయారైన డాక్టర్లు రాష్ట్రమంతా ఉన్నారు. వయసు మీదపడ్డాక ఆపరేషన్లు మానేసి, పరికరాలు తయారుచేసే పిల్లల మధ్య కూర్చోవడం మొదలుపెట్టారు. సిటీ బస్సులో వచ్చేవారు, సిటీ బస్సులో వెళ్లేవారు. ఆయన పాఠం చెప్పగా విన్నవాళ్లు తక్కువ. ఏదైనా అడిగితే కాసేపు ఆలోచించి, లేచి ఏదో ఒక పని చేసేవారు. అర్థమైతే అయినట్టు, కాకపోతే మరోసారి రావలసిందే.

ఒకప్పుడు ఒక కుర్ర డాక్టరు నాళంలోకి తీగను బలంగా తోస్తున్నాడట. ఈయన ఒక్క మాటా అనకుండా అతని కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వదిలేసి, తక్కిన మూడు వేళ్లూ మడిచి రబ్బరు బ్యాండు వేసి వెళ్లిపోయారట. ఆ డాక్టరు పేరు ఫరీద్. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో గడ్డలు తీసే పెద్ద డాక్టరు ఆయనే. తీగను ఇవాళ్టికీ రెండు వేళ్లతోనే తిప్పుతారు.

అలాంటి గురువు దగ్గర పని నేర్చుకోవడం యశోధరకు గొప్పగానే ఉండేది, సంతకం దగ్గర ఆగిపోయేదాకా. కొత్త పరికరాన్ని మనుషుల మీద వాడి చూడాలంటే ప్రభుత్వానికి పంపే కాగితాల మీద ఆయన చేవ్రాలు కావాలి. మొదటిసారి అడిగితే "చూద్దాం" అన్నారు. కొన్నాళ్లాగి అడిగితే "చూద్దామమ్మా" అన్నారు. ఒక్క "అమ్మా" తప్ప ముందుకు జరిగిందేమీ లేదు.

ఒకరోజు పొద్దున ఉండబట్టలేక ఆయన గదిలోకి వెళ్లింది.

"సార్, నా పరికరంలో లోపం ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను. లేకపోతే సంతకం పెట్టండి. మనం ఇక్కడ చూద్దాం చూద్దాం అంటుంటే అక్కడ మనుషులు మంచాన పడుతున్నారు."

ఆయన చదువుతున్న కాగితం పక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పద. ఇంకోసారి చూపించు."

ప్రయోగశాల మధ్యలో పెద్ద బల్ల మీద మెత్తని పారదర్శకమైన గొట్టాలతో చేసిన మెదడు నాళాల నమూనా ఉండేది. అచ్చం మనిషిలో ఉన్నట్టే మెలికలు తిరిగి, కొమ్మలుగా చీలి ఉంటుంది. గుండె కొట్టుకున్నట్టు ఒక పంపు గోరువెచ్చని ఉప్పునీటిని అందులోకి కొడుతూ ఉంటుంది. కబేళా నుంచి తెచ్చిన నెత్తురుతో గడ్డలు చేసి, ఆ నాళాల్లో ఇరికించి, పరికరాలను పరీక్షిస్తారు.

యశోధర పెద్ద నాళంలో గడ్డ ఇరికించింది. ఆ నాళం చివర సన్నని స్టీలు జల్లెడ బిగించింది. గడ్డ ముక్కలైతే ఆ ముక్కలు జల్లెడలో పడాలి. పక్క కొమ్మల నుంచి వచ్చే నీళ్లు మాత్రం ఎప్పటిలాగే కింద బకెట్లోకి పోతున్నాయి.

బుట్ట విచ్చుకుంది. గడ్డ చిక్కింది. ఒక్క లాగు. గడ్డ బయటికొచ్చి తెల్లటి ట్రేలో పడింది. నాళం తేటపడింది. యశోధర జల్లెడ విప్పి చూపించింది. శుభ్రంగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇంకొక్కసారి," అన్నారు దైవసహాయం గారు.

ఈసారి ఆమె గడ్డ ఇరికిస్తుండగా ఆయన జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీశారు. వంగి, పక్క కొమ్మల గొట్టాల చివర, నీళ్లు బకెట్లోకి పడే చోట, దాన్ని కప్పి దారంతో కట్టారు. వంగిన ఆయనకు లేవడానికి బల్ల అంచు పట్టుకోవలసి వచ్చింది. ఎవరో సాయం పోబోతే వద్దన్నారు.

మళ్లీ ఒక్క లాగు. గడ్డ ట్రేలో పడింది. జల్లెడ శుభ్రం.

ఆయన రుమాలు విప్పి బల్ల మీద పరిచారు. తడిసిన తెల్లగుడ్డ మీద ఎర్రని నలుసులు ఉన్నాయి. పెద్దవేమీ కావు. ఒకటి ఆవగింజంత, తక్కినవి ఇంకా చిన్నవి.

యశోధర వాటినే చూస్తూ ఉండిపోయింది.

ఆయన ఆ పక్క కొమ్మను వేలితో చూపించి అడిగారు. "గడ్డ ఈ దారిలో లేదు కదమ్మా?"

"లేదు సార్."

"ఈ దారికి జబ్బు లేదు."

"లేదు సార్."

"ఇప్పుడు వచ్చింది," అన్నారు. రుమాలు అక్కడే వదిలేసి గదిలోకి వెళ్లిపోయారు.

అయితే తలొంచుకోవడం యశోధరకు అంత తేలిగ్గా వచ్చే గుణం కాదు. సాయంకాలం ఆయన బస్సుకు బయల్దేరుతుంటే మెట్ల దగ్గర ఆపింది.

"సార్, పెద్ద నాళం పూడుకుపోయి ఉంటే మనిషి ప్రాణమే పోతుంది. దాన్ని తెరిచాక ఆవగింజంత ముక్క ఎక్కడికో పోతే పోయింది. దాంతో పోలిస్తే ఇదెంత? లెక్కలోకి వస్తుందా?"

ఆయన ఆమె ముఖం వైపు చూశారు. వెక్కిరింపు లేదు, విసుగూ లేదు. నిజంగానే ఆ ప్రశ్న ఆయనకు నచ్చినట్టు ఉంది.

"రేపు పొద్దున చేపల రేవు దగ్గరికి రా," అన్నారు.

చేపల రేవులో పొద్దుటి వేలం పాటలు అప్పుడే సద్దుమణుగుతున్నాయి. ఒడ్డుకు లాగిన పడవలకు మరమ్మతులు చేసే చోటికి ఆయన ఆమెను తీసుకెళ్లారు. అక్కడ నీలం రంగు పడవ పక్కన పీట మీద కూర్చుని ఒకాయన బ్రష్షుతో అక్షరాలు రాస్తున్నాడు. పేరు సన్యాసిరావు. ఆ రేవులో సగం పడవల పేర్లు ఆయన చేత్తో రాసినవే. దైవసహాయం గారిని చూడగానే బ్రష్షు డబ్బాలో పడేసి లేచాడు. తడి రంగు చేతుల్తోనే ఆయన చేతులు పట్టుకోబోయి, నవ్వుకుని, లుంగీకి తుడుచుకుని పట్టుకున్నాడు.

"ఈ బాబే నన్ను బతికించారమ్మా," అన్నాడు యశోధరతో. "నడిసినోడిని నడిసినట్టే పడిపోయేను. కళ్లు తిరిగీసి, తల దిమ్మెక్కీసి, ఇంకేటీ తెల్దు. అందరూ అయిపోనాడన్నారు. ఈ బాబు తలకాయ ఎనకాల నరంలోంచి గడ్డ లాగీసేరు. సూడు, కాలు బాగుంది, సెయ్యి బాగుంది. ఎప్పుడొచ్చినా ఇల్లాగే నిలబడి దండం ఎడతాను."

దైవసహాయం గారు ఆ దండాన్ని తల వంచుకుని తీసుకున్నారు.

"సన్యాసిరావ్, ఈ అమ్మాయి పేరు యశోధర. ఒక చెక్క మీద రాసి ఇయ్యి."

సన్యాసిరావు ఒక పాత పలక చెక్క తీసుకుని, ఒక్కసారి కూడా చెయ్యి ఆపకుండా ఆ పేరు రాశాడు. నిండైన అక్షరాలు. 'శో' కి పెట్టిన ఓత్వం అల లేచినట్టు లేచింది. అక్షరాల కింద పసుపు రంగు నీడ కూడా దిద్దాడు. యశోధర తన పేరు అంత అందంగా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"బాగుందా అమ్మా?"

"చాలా బాగుందండీ."

ముగ్గురూ టీ తాగారు. సన్యాసిరావు కూతురి పెళ్లి కబుర్లు చెప్పాడు. ఖాళీ గ్లాసులు కింద పెట్టాక దైవసహాయం గారు పక్కనే ఉన్న ఎర్ర పడవను చూపించారు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నానేనండి. మొన్న ఆదోరం రాసేను."

"ఏం రాశావు?"

సన్యాసిరావు ఆ అక్షరాల వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. చదువు రాని మనిషి అక్షరాల వైపు చూసినట్టు చూశాడు. తరవాత లేచి వెళ్లి, పడవ మీద మొదటి అక్షరం వంపు వెంట చూపుడువేలు పోనిచ్చాడు. వేలు తిరిగిన దారిని బట్టి గొణుక్కున్నాడు. "గ... గం..." మళ్లీ తరవాత అక్షరం. మళ్లీ వేలు. "గం... గ..." మూడో అక్షరం దగ్గర ఆగిపోయి, వెనక్కి తిరిగి నవ్వాడు.

"అదీ సంగతి బాబూ. సెప్తే రాస్తాను. రాసింది సదవలేను. సెయ్యికి తెలుస్తాది, కంటికి తెలీదు. అదేటో మరి ఆ పడిపోన రోజు నుంచీ ఇల్లాగే ఉంది. బస్సు మీద పేరు తెలీదు, పేపరు తెలీదు. మా ఆవిడ సదివి సెప్తాది, తప్పు పోతే దిద్దుకుంటాను. పోన్లెండి, కాలూ సెయ్యీ ఉన్నాయి, అది సాలు."

అప్పటికి ఎదురుగా ఇంకో పడవ యజమాని పిలిచాడు. సన్యాసిరావు మరోసారి దండం పెట్టి, బ్రష్షు తీసుకుని వెళ్లాడు.

యశోధర అతని వీపు వైపు చూస్తూ నిలబడింది. "ఆ రోజు పక్క దారిలోకి జారిపోయింది ఎంత ముక్క సార్?" అంది చివరికి.

పక్కనే చేపలు తరుగుతున్న ఆవిడ కత్తిపీట అంచు నుంచి ఎగిరిపడిన ఒక పొలుసు దైవసహాయం గారి చొక్కా మీద అతుక్కుంది. ఆయన దాన్ని గోటితో తీసి, ఆమె అరచేతిలో పెట్టారు. గాలికి అది ఎగిరిపోయింది.

ఆ రోజు నుంచీ యశోధర సంతకం మాట ఎత్తలేదు.

ముందు నమూనాలో ఉన్న ప్రతి కొమ్మ చివరా గుడ్డ కట్టింది. తరవాత బుట్ట అల్లిక మార్చింది. నలుసులు తగ్గలేదు, పెరిగాయి. తీగలు లావు చేసింది, సన్నం చేసింది. ఎండిన గడ్డలు, తాజా గడ్డలు, బిరుసువి, మెత్తవి, రకరకాలుగా చేసి ఇరికించింది. ఒకదానికి సరిపోయింది ఇంకోదానికి సరిపోయేది కాదు. తోటివాళ్లు కొత్త పరికరాలతో ముందుకు పోతున్నారు. ఆమె మాత్రం పొద్దస్తమానం తడిగుడ్డలు పట్టుకుని భూతద్దంతో వెతుక్కుంటూ ఉండేది. దైవసహాయం గారు అటుగా వెళ్తూ ఆగి, గుడ్డ చూసి, ఏమీ అనకుండా పోయేవారు. ఒకసారి మాత్రం ఆమె కుర్చీ వెనక నిలబడి, "భోంచేశావా?" అని అడిగారు.

చివరికి ఆమె లాగడం మానేసి, లాగే దారినంతా మెల్లగా చూడడం మొదలుపెట్టింది. భూతద్దం కింద బుట్టను ఇంత ఇంత చొప్పున వెనక్కి జరుపుతూ చూసింది. గడ్డ నాళంలో ఉన్నంతసేపూ చెక్కుచెదరడం లేదు. తిరిగి గొట్టంలోకి దూరేటప్పుడు, ఆ గొట్టం మూతి అంచుకు గీసుకుని చిట్లుతోంది. తప్పు బుట్టది కాదు, మూతిది. ఇన్నాళ్లూ ఆమె పట్టుకునే చోటునే చూసింది, మింగే చోటు చూడలేదు.

గొట్టం మూతిని మెత్తటి అల్లికతో మళ్లీ చేసింది. లోపలికి వెళ్లేటప్పుడు మొగ్గలా ముడుచుకుని ఉంటుంది. గడ్డ దగ్గరికి చేరాక ఉమ్మెత్త పువ్వులా విచ్చుకుని నాళం గోడలకు ఆనుకుంటుంది. నెత్తురు తోపును కాసేపు ఆపుతుంది. వెనక నుంచి మెల్లగా పీల్చుకుంటుంది. బుట్టా గడ్డా కలిసి ఆ పువ్వులోకి నలగకుండా దిగిపోతాయి. కొమ్మలకు కట్టిన గుడ్డలన్నీ విప్పి చూసింది. మళ్లీ మళ్లీ చేసి చూసింది. అన్నీ తెల్లగానే ఉన్నాయి.

కానీ ఆమెకు సంతోషం లేదు. గుడ్డలు పట్టుకుని దైవసహాయం గారి గదిలోకి వెళ్లి బల్ల మీద పెట్టింది.

"ముక్కలు పోవడం లేదు సార్. కానీ నిదానమైపోయింది. పువ్వు విచ్చుకోవాలి, పీల్చే యంత్రం తగిలించాలి, అవన్నీ సర్దుకోవాలి. పాతదానికి రెట్టింపు సమయం పడుతోంది. వేగం కావాలంటే భద్రత పోతోంది, భద్రత కావాలంటే వేగం పోతోంది. రెండిట్లో ఏది వదులుకోమంటారు?"

ఆయన గుడ్డలు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశారు. చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. ఆమె అంతకుముందు ఆ వెలుగు చూడలేదు.

"పరికరం మొత్తం ప్యాకెట్లలో ఉందా? ఆపరేషన్ గదికి పంపేటట్టు?"

"ఉంది సార్."

"నమూనా బల్ల దగ్గరికి తీసుకురా. గ్లౌజులు వేసుకో. చేతులు తడి చేసుకో, అక్కడ తడిగానే ఉంటాయి. మొదటి నుంచీ చెయ్యి. నేను టీ పెట్టుకుంటాను."

ప్రయోగశాల మూలన ఉన్న కెటిల్‌లో నీళ్లు పోసి మీట నొక్కారు. యశోధర మొదటి ప్యాకెట్ విప్పబోయింది. తడి గ్లౌజుల్లో అంచు దొరకలేదు. జారింది. పళ్లతో చింపేదే, కానీ అక్కడ పళ్లు పనికిరావు. అది విప్పేసరికి నీళ్లు కాగాయి. రెండో ప్యాకెట్లో గొట్టం చుట్టలు చుట్టుకుని చిక్కుపడింది. ఆయన టీ పొడి వేశారు. మరలు ఎదురు తిరిగాయి. ఒక మూత కింద పడింది. కింద పడింది ఇక పనికిరాదు కాబట్టి కొత్త ప్యాకెట్ విప్పాలి. ఆయన టీ వడకట్టుకుని, బిస్కెట్టు ముంచుకుని తిన్నారు. ఆమె నుదుట చెమట పట్టింది. అంతా బిగించి, నమూనాలో గొట్టం ఎక్కించి, పువ్వు విప్పి, గడ్డను లాగింది. ఆ చివరి పని కనురెప్ప పాటులో అయిపోయింది.

ఆయన ఖాళీ కప్పు ఆమె ముందు బోర్లించారు.

"లాగడం ఎంతసేపు పట్టిందమ్మా?"

"క్షణం సార్."

"మరి నేను టీ ఎప్పుడు తాగాను?"

యశోధర ఆ కప్పు వైపు చూసింది. చుట్టూ పడి ఉన్న చిరిగిన ప్యాకెట్లు, మరలు, మూతల వైపు చూసింది. ముందు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. గ్లౌజులున్నాయని మరిచిపోయి చెంపలంతా తడి చేసుకుంది.

ఆ తరవాత పని పరుగెత్తింది. విడివిడిగా ఉన్నవన్నీ ముందే బిగించి ఒక్క గొట్టంగా చేసింది. తడి వేళ్లకు కూడా దొరికేలా ప్యాకెట్‌కు వెడల్పాటి చెవి పెట్టింది. పీల్చే గొట్టం ఒక్క నొక్కుతో తగులుకునేలా చేసింది. ఫరీద్ గారిని పిలిచి గ్లౌజులు తొడిగించి, విప్పమంది. ఆయన విప్పి, బిగించి, గడ్డ తీసేసి, "అయిపోయిందా? ఇంతేనా?" అన్నారు. దైవసహాయం గారు మీట నొక్కిన కెటిల్‌లో నీళ్లు అప్పటికి ఇంకా కాగలేదు.

కాగితాలు బల్ల మీద పెట్టడానికి ఆమె వెళ్లేలోపే దైవసహాయం గారు కలం మూత తీసి కూర్చున్నారు.

అనుమతులు రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చాక, ఒక పొద్దున్నపూట మొదటి రోగిని తీసుకొచ్చారు. పేరు నూకరత్నం. నడివయసు మనిషి. మధురవాడ నుంచి భర్త తవిటయ్య తన ఆటోలోనే పడుకోబెట్టి తెచ్చాడు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నోట మాట లేదు.

"నాతో మాటాడతా మాటాడతా ఉంది బాబూ. సగం మాటలో ఆగిపోయింది," అన్నాడు తవిటయ్య. అతని చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాయి.

స్కానింగు అయింది. మెదడుకు ఎడమవైపు పెద్ద నాళం పూడుకుపోయింది. దైవసహాయం గారే తవిటయ్య పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు.

"గడ్డ తియ్యాలి. తియ్యడానికి పాత పరికరం ఉంది. దాంతో చాలామందికి బాగైంది. కొత్తది ఇంకొకటి ఉంది. అది ఇంకా మంచిదని మేం అనుకుంటున్నాం. కానీ ఇంతవరకూ మనిషికి వాడలేదు. ఏది వాడమంటారో మీరే చెప్పాలి. పాతదే వాడమంటే మాకేం కోపం రాదు."

"కొత్తది ఎవలు సేసారు?"

ఆయన యశోధర వైపు చూపించారు. తవిటయ్య తలెత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది, భయం ఉంది.

"నీకు నమ్మకమేనా తల్లీ? మా ఆడదానికేటీ అవదు కదా?"

ఒకప్పటి యశోధర అయితే ఏమీ కాదని ధైర్యం చెప్పేది. ఆమె అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"మాకు తెలిసినంతవరకూ అన్ని దారులూ చూశాం అన్నా. అయినా మాకు తెలియంది ఉండొచ్చు. ఏమీ కాదని మాట ఇవ్వలేను. నా కన్నతల్లి అయితే మాత్రం కొత్తదే వాడమంటాను."

తవిటయ్య ఆమె ముఖంలోకి కాసేపు చూసి, తల ఊపాడు. "కానియ్యండి." కలం తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. దైవసహాయం గారు శిష్యురాలి వైపు చూడలేదు. నేల వైపు చూస్తున్నారు. కానీ ఆమె లేచేటప్పుడు ఆసరాకి చెయ్యి అందించారు.

యశోధర గాజు తలుపు ఇవతల నిలబడింది. లోపల ఫరీద్ గారు రెండు వేళ్లతో తీగను తిప్పుతున్నారు. తెర మీద నూకరత్నం మెదడు నాళాలు నల్లని కొమ్మల్లా కనిపిస్తున్నాయి. ఎడమవైపు పెద్ద కొమ్మ మొదట్లోనే తెగిపోయినట్టుంది. దాని అవతలంతా ఖాళీ. ప్యాకెట్ ఒక్క లాగుతో తెరుచుకుంది. గొట్టం చేరింది. పువ్వు విచ్చుకుంది. ఫరీద్ గారి మోచెయ్యి నెమ్మదిగా వెనక్కి జరిగింది.

గడ్డ వచ్చేసింది. నాళాలు తెర మీద కనిపించేలా చేసే మందు ఎక్కించి మళ్లీ చూశారు. ఖాళీగా ఉన్న చోట కొమ్మలు, రెమ్మలు, వాటి చివర సన్నని పీచులు, ఒక్కొక్కటీ నల్లగా నిండుతూ వచ్చాయి. యశోధర అలాగే కదలకుండా ఉండి మైకులో అడిగింది. "డాక్టర్ గారూ, పక్క కొమ్మలు కూడా ఒకసారి చూపిస్తారా?" ఫరీద్ గారు చూపించారు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ ఉన్నాయి.

అప్పుడు గదంతా సందడి అయింది. తెల్లటి గాజుగుడ్డ మీద గడ్డను పరిచారు. సన్నని వానపాములా, ముక్కలు కాకుండా మొత్తంగా ఉంది. అందరూ చుట్టూ మూగి ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. "యశోధరా, రా! నీ గడ్డ!" అని ఎవరో పిలిచారు. ఆమె కూడా ఫోను తీసింది. రెండడుగులు వేసింది. ఆగింది. ఫోను జేబులో పెట్టుకుని, వెనక తలుపులోంచి బయటికి నడిచింది.

నూకరత్నాన్ని అప్పటికే పక్క గదికి మార్చారు. దైవసహాయం గారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆయన ఎప్పుడొచ్చి కూర్చున్నారో ఎవరూ చూడలేదు. యశోధరను చూసి కొంచెం జరిగి, గోడకు ఆనుకునే చోటు ఇచ్చారు. తవిటయ్య భార్య కాళ్ల దగ్గర నిలబడి ఆమె పాదం పట్టుకుని ఉన్నాడు.

చాలాసేపటికి నూకరత్నం తల తిప్పింది. భర్తను చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. యశోధర గోడను గట్టిగా పట్టుకుంది. మళ్లీ పెదవులు కదిలాయి.

"పొయ్యి మీద పాలెట్టేను," అంది నూకరత్నం. "గేసు కట్టీసేవా?"

తవిటయ్య నోరు తెరిచాడు. "నేదే..." అన్నాడు. "నాను... నిన్నెత్తుకుని వొచ్చీసేను."

"కట్టనేదా? గిన్నె మాడిపోద్ది, ఇల్లు అంటుకుంటాది! పక్కింటి గౌరికి ఫోన్ సెయ్యి. తాళం పూలకుండీ కింద ఉందని సెప్పు. నిలబడతావేటి? ఎప్పుడూ ఇంతే. ఒక్క పని సెప్తే గుర్తుండదు మనిసికి..."

తవిటయ్య జేబులన్నీ తడుముతూ ఫోను వెతుక్కుంటున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియడం లేదు. నూకరత్నం ఆగడం లేదు. గిన్నె కొత్తదట, పాలు చిక్కటివట, తనకేం కాలేదట, ఇంటికి తీసుకెళ్లమంటోంది. నర్సు పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, ఎక్కువ మాట్లాడకూడదు, పడుకోండి" అంటూ ఆపబోయింది.

దైవసహాయం గారు చెయ్యెత్తి నర్సును ఆగమన్నారు.

"తిట్టనియ్యమ్మా," అన్నారు మెల్లగా. "అన్ని మాటలూ ఉన్నాయి."